తాళమే దొడ్డిదారి యైన వైనము: సంఘముల వెబ్‌సైట్లవారికి కొన్ని సూచనలు

గడచిన సర్వసభ్య సమావేశమున విత్తనముల ఇండెంటు సంగతి ముగిసిన పిమ్మట వృద్ధుడైన సభ్యుడొకడు లేచి, "మన సంఘమునకు వెబ్‌సైటు అనునది యున్నదట గదా, అందులో మా పేరులును మా ఫోను నంబరులును గలవట గదా, దానికి రాత్రిపూట తాళము వేయుచున్నవారెవరు?" అని యడిగెను. సభలో కొందఱు నవ్విరి. కాని కార్యదర్శిగారు వెంటనే బదులు చెప్పలేకపోయిరి. వారి ప్రక్కనే కూర్చుండియున్న మేమును చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న నవ్వదగినది కాదని ఇంటికి పోవుచు దారిలో తెలిసికొంటిమి.

మేము వ్యవసాయ ప్రదర్శకులము. విత్తనశుద్ధిని గూర్చియు, పచ్చిరొట్ట యెరువును గూర్చియు ఈ పత్రికలో వ్రాయుట మా వాడుక. ఈ మాసమున ఆ దారి విడిచి వేఱొక సంగతి నెత్తికొనుచున్నాము. ఏలయన, నేడు సంఘమునకు ఎరువులు వచ్చినవో లేదో తెలిసికొనుటకు రైతు సైకి లెక్కి రానక్కఱలేదు. చేతిలోని ఫోనులో సంఘము వారి పుట తెఱచి చూచుచున్నాడు. విత్తనముల ధర, వాటా సొమ్ము కట్టవలసిన గడువు, డబ్బు పంపవలసిన బ్యాంకు ఖాతా సంఖ్య, ఇవన్నియు ఆ పుటయందే కలవు. ఆ పుటమీద వ్రాసినది సంఘము మాటయే యని రైతు నమ్ముచున్నాడు. అట్టి పుటను మఱియొకడు రహస్యముగ ప్రవేశించి మార్చివేసినచో నష్టపోవువాడు రైతే. కావున గిడ్డంగి తాళమును గూర్చి యెంత శ్రద్ధ వహింతుమో దీని తాళమును గూర్చియు నంత శ్రద్ధ వహింపవలసియున్నది.

ఇట్టి తాళములలో నొకదానియందు 2024 సం॥ నవంబరు నెలలో పెద్ద లోపమొకటి బయటపడినది. దాని కథను సాధ్యమైనంత తేటగ చెప్పి, దానివలన మన సంఘములు నేర్చుకొనదగిన పాఠమును విన్నవింపదలచితిమి.

వర్డ్‌ప్రెస్సు, ప్లగిన్ అననేమి?

ట్రాక్టరును తలచుకొనుడు. ఇంజను ఒక్కటే. వెనుక తగిలించు పనిముట్టును బట్టి అది దుక్కి దున్నును, దమ్ము చేయును, ధాన్యపు బస్తాల ట్రక్కును లాగును. వెబ్‌సైట్ల సంగతియు నట్టిదే. వర్డ్‌ప్రెస్సు అను సాఫ్టువేరు ఇంజను వంటిది. దీనిని 2003 సం॥న మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిద్దఱు ప్రారంభించిరి. ఎవరైనను ఉచితముగ తీసికొని వాడుకొనవచ్చును. ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దీనిమీదనే నడచుచున్నవి. ఖర్చు తక్కువ గనుక బడులును, చిన్న వ్యాపారములును, సంఘములును దీనినే యెక్కువగ నెన్నుకొనును.

ఈ యింజనునకు తగిలించు పనిముట్లనే ప్లగిన్లు అందురు. ఒకటి ఛాయాచిత్రములను చక్కగ పేర్చును. ఒకటి దరఖాస్తు ఫారములను తయారుచేయును. ఒకటి కావలి కాయును. ఇట్టివి ఉచితముగ దొరకునవే 50 వేలకు మించి యున్నవి. ఇంజను చేసినవాడు వేఱు, పనిముట్టు చేసినవాడు వేఱు అను సంగతిని మఱవరాదు. ఇంజను ఎంత మంచిదైనను పనిముట్టు బోల్టు వదులైనచో కాలు విఱుగుట తప్పదు. వర్డ్‌ప్రెస్సు సైట్లకు కలుగు ప్రమాదములలో అధికభాగము ఇంజనువలన గాక పనిముట్లవలననే కలుగుచున్నవి.

మేము చెప్పబోవు ప్లగిన్ పేరు రియల్లీ సింపుల్ సెక్యూరిటీ. నెదర్లాండ్సు దేశమందలి యొక సంస్థవారు దీనిని చేసిరి. మొదట దీనికి రియల్లీ సింపుల్ ఎస్సెస్సెల్ అని పేరు. సైటునకును చదువరికిని నడుమ నడచు సమాచారము దారిలో నెవ్వరికిని తెలియకుండ గుప్తలిపిగ మార్చు ఏర్పాటును సులభముగ అమర్చుట దీని మొదటి పని. తరువాత లాగిన్ కాపుదల మున్నగు ఇతర రక్షణలను గూడ చేర్చిరి. 2024 నాటికి ఇది 40 లక్షలకు పైగా సైట్లయందు వాడుకలో నుండెను. అనగా, ఇది కావలివాని ఉద్యోగము చేయు ప్లగిన్. లోపము బయటపడినది ఈ కావలివానియందే.

రెండు తాళముల పద్ధతి

సైటు లోపలికి పోయి వ్రాతలు మార్చుటకు అధికారము గలవాడు తన పేరును, పాస్‌వర్డును తెలుపవలెను. దీనినే లాగిన్ అందురు. ఇది మొదటి తాళము. పాస్‌వర్డులు దొంగిలింపబడుట, సులభముగ ఊహింపబడుట తఱచు జరుగుచుండుటచే రెండవ తాళము నొకదానిని కల్పించిరి. పాస్‌వర్డు సరిపోయిన పిదప ఫోనునకో ఈమెయిలునకో కొన్ని అంకెల సంకేతము వచ్చును; దానినిగూడ చెప్పిన గాని తలుపు తెఱువబడదు. బ్యాంకువారు పంపు ఓటీపీని ఎఱిగినవారందఱకును ఇది తెలిసిన పద్ధతియే.

ఈ రెండు తాళముల నడుమ ఒక చిక్కు గలదు. మొదటి తాళము తెఱచినవాడును, రెండవ తాళమువద్దకు వచ్చినవాడును ఒక్కడే యని సైటునకు ఎట్లు తెలియును? అందులకై మొదటి తాళము దాటిన వెంటనే సైటు ఆ మనిషికి ఒక గుర్తుచీటీ నిచ్చును. అది ఒక్క పర్యాయము మాత్రమే చెల్లునది; ఇతరులు ఊహింపజాలనిది. రెండవ మెట్టువద్ద ఆ చీటీని చూపవలెను. తిరునాళ్లలో చెప్పులు విడిచినచోట ఇచ్చు బిళ్ల వంటిది. బిళ్ల చూపిన గాని చెప్పులు చేతికి రావు.

లోపము ఎచ్చట నుండెను?

ఇప్పుడు మన గిడ్డంగిని తలచుకొనుడు. ద్వారమువద్ద కావలివాడు గలడు. లోపల తాళపుచెవులతో గుమాస్తా గలడు. బస్తా కొఱకు వచ్చిన రైతు ఆఫీసువారిచ్చిన చీటీని కావలివానికి చూపవలెను. కావలివాడు దానిమీది ముద్రను పరీక్షించి, సరియైనదైనచో గుమాస్తాకు తెలుపును. ఒకనాడు అపరిచితు డొకడు వచ్చి దొంగ చీటీ చూపెను. కావలివాడు నిదురపోలేదు. ముద్రను చూచెను, సరిపోలలేదని కనిపెట్టెను, "ముద్ర సరిపోలలేదు" అని ఒక కాగితముమీద వ్రాసి గుమాస్తా బల్లమీద పెట్టెను. అంతటితో తన పని ముగిసినదని తన చోటికి మరలిపోయెను. గుమాస్తా ఆ కాగితమును చదువలేదు. కావలివాడు చూచినాడు గదా యని తలచి, వచ్చినవాడు ఏ ఖాతా సంఖ్య చెప్పెనో ఆ ఖాతాదారుడే యని యెంచి తాళపుచెవి చేతికిచ్చెను.

రియల్లీ సింపుల్ సెక్యూరిటీయందు జరిగినది అక్షరాల ఇదియే. గుర్తుచీటీని పరీక్షించు భాగము దాని పనిని సరిగానే చేసెను. చీటీ తప్పైనచో "ఇది చెల్లదు" అను జవాబును తిరిగి పంపెను. కాని ఆ భాగమును పిలిచిన మఱియొక భాగము ఆ జవాబును చూడక తరువాతి పంక్తికి పోయెను. ఆ తరువాతి పంక్తిలో, వచ్చినవాడు చెప్పిన సభ్యసంఖ్యను బట్టి వానిని లోపలికి రానిమ్మను ఆజ్ఞ యున్నది. పాస్‌వర్డు అడుగబడలేదు, ఫోను సంకేతము అడుగబడలేదు, సంఖ్య ఒక్కటి చెప్పిన చాలును. వర్డ్‌ప్రెస్సు సైట్లలో మొట్టమొదట చేరిన అధికారికి సామాన్యముగ 1 అను సంఖ్యయే యుండును. కావున దొంగకు ఊహింపవలసిన శ్రమయు అంతగ లేదు.

ఇట్లు తెఱచియున్న ద్వారములలో నొకదాని సంగతి చెప్పుదుము. రెండవ తాళమును క్రొత్తగ అమర్చుకొనుమని సైటు అడిగినప్పుడు "ఇప్పుడు కాదు, తరువాత చూచుకొందును" అని దాటిపోవుటకు ఒక దారి నుంచిరి. ఆ దారియందే పైన చెప్పిన అజాగ్రత్త జరిగినది. పెద్ద తలుపునకు రెండు తాళములు వేసి, వాయిదా వేయువారికై పెట్టిన చిన్న కిటికీకి గడియ వేయుట మఱచినట్లైనది.

ఇచ్చట మఱియొక చిత్రము గలదు. ఈ దారి రెండు తాళముల పద్ధతిని అమలులో పెట్టిన సైట్లలో మాత్రమే తెఱచియుండెను. ప్లగిన్‌ను ఊరక చేర్చి, ఆ పద్ధతిని అమలు చేయనివారికి ఈ భయము లేదు. అనగా, ఎక్కువ జాగ్రత్త పడినవారే ఎక్కువ అపాయమునకు గుఱియైరి. కంచె చేను మేసినదని మన పెద్దలు చెప్పు మాట ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. కాని దీనినుండి తప్పు పాఠము నేర్చుకొనరాదు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

ఎట్లు కనుగొనిరి, ఎట్లు సరిచేసిరి?

2024 సం॥ నవంబరు 6వ తేదిన వర్డ్‌ఫెన్సు అను భద్రతా సంస్థకు చెందిన పరిశోధకు డొకడు ఈ లోపమును కనిపెట్టెను. దానిని వెంటనే లోకమునకు చాటక మొదట ప్లగిన్ చేసినవారికి రహస్యముగ తెలియజేసిరి. ఇది మంచి యాచారము. గట్టునకు గండి పడినదని కనిపెట్టినవాడు ముందుగ నీటిపారుదలవారికి చెప్పవలెను గాని గండి యున్నచోటు దొంగలకు వినబడునట్లు కేకలు వేయరాదు గదా.

ప్లగిన్ చేసినవారు జాగు చేయలేదు. సొమ్ము చెల్లించి కొనెడి రకమునకు నవంబరు 12వ తేదినను, ఉచితమైన రకమునకు 14వ తేదినను సరిచేసిన ప్రతిని విడుదల చేసిరి. దాని సంఖ్య 9.1.2. లోపము గల ప్రతులు 9.0.0 మొదలు 9.1.1.1 వఱకు గలవి. సవరణ చాల చిన్నది. గుర్తుచీటీ చెల్లదని జవాబు వచ్చినచో అచ్చటనే ఆగిపొమ్మని ఆజ్ఞ చేర్చుటయే. గుమాస్తా కాగితమును చదివి తీరవలెనని నియమము పెట్టినట్లు. 40 లక్షల సైట్లకు కలిగిన అపాయమునకు మూలము ఇంత స్వల్పమైన మఱపు.

ఈ లోపమునకు సి.వి.ఇ. 2024-10924 అను సంఖ్య నిచ్చిరి. లోకమందలి సాఫ్టువేరు లోపములకు ఇట్లు సంఖ్యలు వేసి పట్టికలో చేర్చుదురు. తీవ్రతను 10కి లెక్కించినచో దీనికి 9.8 వచ్చినది. దొంగకు ముందుగ ఏ అధికారమును అక్కఱలేకపోవుటయు, ఒక్క చిన్న వినతితో పని నెరవేరుటయు, ఒకే ప్రోగ్రాముచేత వేలకొలది సైట్లను వరుసగ పరీక్షింప వీలగుటయు ఇంతటి తీవ్రతకు కారణములు. ఇట్టి భయముండుటచే వర్డ్‌ప్రెస్సువారు మామూలు ఆచారమును దాటి, సైటు యజమానులు కోరకయే సవరణను బలవంతముగ సైట్లకు చేరునట్లు చేసిరి. అయినను, సొమ్ము చెల్లించు రకమునకు గడువు తీఱి మరల కట్టనివారికిని, తమంతట సవరణలను ఆపివేసికొన్నవారికిని అది చేరకపోవచ్చును. మందు వచ్చినంత మాత్రమున తెగులు పోదు. చల్లిన చేనే బాగుపడును.

ఇదొక్కటియే కాదు. అదే సంవత్సరము ఆగష్టు నెలలో లైట్‌స్పీడ్ క్యాష్ అను మఱియొక ప్లగిన్‌యందు గూడ ఇట్టి లోపమే బయటపడినది. అది 50 లక్షలకు పైగా సైట్లలో నుండెను. అందులోని తాళపుచెవి 10 లక్షల రకములలో నొకటిగ మాత్రమే తయారగుచుండెను. మనుష్యునకు 10 లక్షలు పెద్ద లెక్కయే గాని యంత్రమునకు కాదు. ఒక్కొక్కటిగ అన్నియు ప్రయత్నించి చూడగలదు. ఆగష్టు 13వ తేదిన 6.4 సంఖ్య గల ప్రతితో దానిని సరిచేసిరి. కావున దీనిని ఒక్క సంస్థవారి తప్పుగ నెంచుట న్యాయము కాదు. పనిముట్లు వాడువా రందఱును ఎల్లప్పుడు చూచుకొనవలసిన సంగతి ఇది.

మన ప్రాంతమున మేము చూచినది

ఈ వార్త తెలిసిన పిమ్మట మాకు పరిచయమున్న సంఘ మొకదానికి పోయి చూచితిమి. దాని పేరు చెప్పుట అనవసరము. ఆ సంఘమువారి వెబ్‌సైటును రెండేండ్ల క్రిందట ఊరి కుఱ్ఱవా డొకడు తయారుచేసియిచ్చెను. ఆ కుఱ్ఱవాడు ఉద్యోగమునకై పట్టణము పోయెను. పాస్‌వర్డు వానితోనే పోయినది. గుమాస్తా వద్దనున్నది వ్రాతలు మార్చుటకు చాలునది గాని ప్లగిన్లను సవరించుటకు చాలునది కాదు. ఫోనులో ఆ కుఱ్ఱవానిని పట్టుకొని, వానిచేత లోపలికి పోయి చూడగా, మేము పైన చెప్పిన ప్లగిన్ 9.1.1 సంఖ్యతోనే యుండెను. స్వయముగ సవరించుకొను ఏర్పాటును, ఎన్నడో ఏదియో పని చెడునను భయముచే, ఆపివేసియుండిరి. రెండవ తాళమును మాత్రము ఎన్నడును అమలు చేయలేదు. అందువలన దొంగ రాకపోయెను.

ఆ సంఘపు కార్యదర్శిగారు మంచివారు, అనుభవజ్ఞులు. ఈ సంగతి విని నవ్వి, "చూచితిరా అయ్యా, మేము రెండవ తాళము పెట్టకపోవుటయే మాకు మేలైనది. ఇక దాని జోలికి పోము" అనిరి. మేము వారితో వాదింపక వెనుకటి సంగతి నొకదానిని జ్ఞాపకము చేసితిమి. కొన్ని యేండ్ల క్రిందట వారి గ్రామముననే ఒక రైతు విత్తనశుద్ధి చేసిన వేరుసెనగ గింజలను నాటగా, మోతాదు మించి మందు పట్టించుటచే మొలక దెబ్బతినెను. ప్రక్కవాడు శుద్ధి చేయక నాటెను. వానికి ఆ యేడు మొలక బాగుగ వచ్చెను. అది చూచి ఆ యూరివారు కొందఱు విత్తనశుద్ధినే మానివేసిరి. మఱుసటి రెండు పంటలలో మొదలుకుళ్లు తెగులు వచ్చి చేలు పలుచబడినప్పుడు గాని తాము నేర్చుకొన్నది తప్పు పాఠమని తెలియలేదు. ఆ రైతులలో కార్యదర్శిగారును ఒకరు. వారు కొంతసేపు మాటలాడలేదు. పిదప "అట్లయిన నేమి చేయవలెనో వ్రాసి యిండు" అనిరి. ఈ వ్యాసమునకు మూలము ఆ మాటయే.

పాస్‌వర్డులు దొంగిలింపబడుట ప్రతిదినము జరుగు సంగతి. రెండవ తాళము దానిని ఆపును. తాళమునందు అప్పుడప్పుడు లోపము కనబడుట అరుదుగ జరుగు సంగతి. దానిని సకాలమున సవరణ ఆపును. కావున రెండవ తాళమును పెట్టుకొనుటయు, దానిని సవరించుకొనుచుండుటయు రెండును కావలెను. ఒకటి చేసి రెండవది మానుట, గట్టు వేసి ఎండ్రకాయల బొఱియలను చూడక విడుచుట వంటిది.

రైతునకు కలుగగల నష్టము

వెబ్‌సైటు పోయిన నేమి, కాగితములు బీరువాలో నున్నవి గదా యని కొంద ఱనుకొందురు. దొంగకు సైటును పాడుచేయుటవలన లాభము లేదు. వానికి కావలసినవి వేఱు. మొదటిది, సభ్యుల పేరులు, ఫోను నంబరులు. వీనిని చేతబట్టుకొని "సంఘమునుండి మాటలాడుచున్నాము, మీ అప్పు మాఫీ యైనది, ఓటీపీ చెప్పుడు" అని పిలుచును. పేరును, ఊరును, సభ్యసంఖ్యను సరిగ చెప్పువానిని రైతు నమ్మక యేమి చేయును? రెండవది, పుటమీదనున్న బ్యాంకు ఖాతా సంఖ్య. దానిలో నాలుగంకెలు మార్చినచో వాటాసొమ్ము వేఱొకని ఖాతాలో పడును. మూడవది, నమ్మకము. సబ్సిడీ విత్తనములకు ముందుగ సొమ్ము కట్టుడని దొంగ ప్రకటన నొకదానిని సంఘపు పుటమీదనే వేసిన చాలును.

ఒక భయమును మాత్రము తొలగింపవలసియున్నది. మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల అప్పుల ఖాతాలు, జమాఖర్చులు ఈ వెబ్‌సైట్లలో లేవు. కేంద్ర ప్రభుత్వమువారు 2022 సం॥ జూను 29వ తేదిన 63,000 సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసిరి. ఆ ఖాతాలు ఆ పథకము క్రింది వేఱు సాఫ్టువేరునందు నడచుచున్నవి. అది వర్డ్‌ప్రెస్సుమీద నడచునది కాదు. కావున మేము చెప్పిన లోపమువలన ఎవరి అప్పు ఖాతాయు మాఱిపోలేదు. సంఘములు సొంతముగ పెట్టుకొన్న ప్రకటనల సైట్లకే ఈ మాటలు వర్తించును.

సంఘములవారు చేయవలసిన పనులు

1. వెబ్‌సైటునకు బాధ్యు డెవరో పాలకవర్గము తీర్మానము ద్వారా నిర్ణయింపవలెను. తయారుచేసినవాడు ఎచ్చటికి పోయినను పూర్తి అధికారము గల లాగిన్ సంఘము చేతిలో నుండవలెను. గిడ్డంగి తాళపుచెవి పొరుగూరివాని జేబులో నుండుట నెవ్వరును ఒప్పుకొనరు గదా.

2. ప్లగిన్ల పట్టికను వారమున కొకపర్యాయము తెఱచి చూడవలెను. రియల్లీ సింపుల్ సెక్యూరిటీ వాడువారు దాని సంఖ్య 9.1.2 గాని అంతకు పైది గాని యగునో కాదో తక్షణమే చూచుకొనవలెను. తక్కువైనచో అప్పుడే సవరింపవలెను.

3. స్వయముగ సవరించుకొను ఏర్పాటును ఆపివేయరాదు. పని చెడునను భయమున్నచో, సవరణకు ముందు సైటు యొక్క పూర్తి నకలును తీసి వేఱుచోట భద్రపఱచుకొనవలెను. నకలును అదే యంత్రమునందే యుంచినచో ఇల్లు తగులబడినప్పుడు విత్తనపు గాదెయు దానితోనే తగులబడినట్లగును.

4. వాడని ప్లగిన్లను తీసివేయవలెను. నిలిపివేయుట చాలదు, తొలగింపవలెను. చేరిచిన ప్రతి పనిముట్టును ఒక క్రొత్త ద్వారమే.

5. సొమ్ము చెల్లించు ప్లగిన్లను దొంగ ప్రతులుగ ఉచితముగ ఇచ్చువారి వద్ద తీసికొనరాదు. వానికి సవరణలు రావు; కొన్నింటిలో దొంగకు దారి ముందుగనే పెట్టబడియుండును. సర్టిఫికెటు లేని విత్తనము కొనుటయు, ఇదియు ఒక్కటే.

6. ఒక్కొక్కరికి ఒక్కొక్క లాగిన్ ఉండవలెను. ఆఫీసువా రందఱును ఒకే పాస్‌వర్డు వాడినచో తప్పు చేసినవా డెవడో తెలియదు. ఉద్యోగము విడిచినవారి లాగిన్‌ను ఆనాడే తీసివేయవలెను. ధరలు వ్రాయువానికి ధరలు వ్రాయు అధికారమే చాలును. పూర్తి అధికారము ఒకరిద్దఱకు మించి ఇయ్యరాదు.

7. పూర్తి అధికారము గలవారు రెండవ తాళమును తప్పక పెట్టుకొనవలెను.

8. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, భూమి వివరములు వెబ్‌సైటునం దుంచనే రాదు. లేనిదానిని దొంగ యెట్లు తీసికొనిపోగలడు? ఫోను నంబరుల పట్టిక గూడ అక్కఱలేనిచో తీసివేయవలెను. పౌరుల వివరములను కాపాడుటకై 2023 సం॥న మన దేశమున ప్రత్యేక చట్టము చేయబడినది. వివరములను సేకరించినవారిపై బాధ్యత గలదని మఱవరాదు.

అనుమానము కలిగిన యెడల

సైటు లోపల అధికారుల పట్టికలో తెలియని పేరు కనబడుట, వేయని ప్రకటన వెలువడుట, పుట తెఱచినవారిని వేఱొక చోటికి తీసికొనిపోవుట, ఇవి దొంగ ప్రవేశించిన గుర్తులు. అప్పుడు తెలియని పేరును తొలగించి ఊరకుండిన చాలదు. లోపల నున్నవారి నందఱిని ఒక్కసారిగ వెలుపలికి పంపి, అన్ని పాస్‌వర్డులను మార్చి, చెడిపోకముందు తీసిన నకలునుండి సైటును మరల నిలుపవలెను. ఆ నకలునందు గూడ పాత ప్లగిన్‌యే యుండును గావున దానిని వెంటనే సవరింపవలెను. లేనిచో దొంగ వచ్చిన దారిననే మరల వచ్చును.

ఇట్టి సంఘటనలను తెలిసికొనిన 6 గంటలలోపల సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకు తెలుపవలెనని 2022 సం॥ ఏప్రిలు 28వ తేది యుత్తరువు చెప్పుచున్నది. సభ్యు లెవరైనను సొమ్ము పోగొట్టుకొనినచో 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఎంత త్వరగ చెప్పిన, దొంగ ఖాతాలో సొమ్మును నిలుపుట కంత అవకాశ ముండును. సంఘపు నోటీసు బల్లమీదను, చావడివద్దను కాగితము అంటించి సభ్యుల నందఱిని హెచ్చరింపవలెను. దొంగతనము జరిగినదని చెప్పుకొనుట సంఘమునకు పరువు తక్కువ కాదు. దాచిపెట్టుటవలన మఱి నలుగురు రైతులు మోసపోయినచో అది పరువు తక్కువ.

ముగింపు

సమావేశమున ప్రశ్న యడిగిన ఆ పెద్దమనిషికి ఇప్పుడు సమాధానము చెప్పగలిగితిమి. వెబ్‌సైటునకు రాత్రిపూట వేఱుగ తాళము వేయనక్కఱలేదు. అది ఎల్లప్పుడు వేసియే యుండును. కాని ఆ తాళమును చేసినవాడును మనుష్యుడే గనుక దానిలో లోప ముండవచ్చును. లోపము కనబడినప్పుడు క్రొత్త తాళమును పంపుదురు. దానిని తెచ్చి బిగించువా డొక డుండవలెను. మన సంఘమున ఆ మనిషి యింతవఱకు లేడు. రాబోవు పాలకవర్గ సమావేశమున ఆ పనికి ఒకరిని నియమించు తీర్మానము పెట్టబడునని కార్యదర్శిగారు మాకు మాట యిచ్చియున్నారు. సభ్యులు ఆనాడు వచ్చి, తీర్మానము జరిగినదో లేదో కనుగొని, పిదప ప్రతి సమావేశమునను ఆ బాధ్యుని "ఈ నెల ప్లగిన్లను చూచితివా?" అని యడుగవలెనని ప్రార్థించుచున్నాము. అడుగువా రున్నచో చేయువారు మఱువరు. దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగిన ప్రయోజన మేమి?

ఇతర సంఘములవారు తమ సైటు సంగతి మాకు చూపదలచినచో, మేము గ్రామములకు వచ్చినప్పుడు అడుగవచ్చును. మాకు తెలిసినంతవఱకు సాయపడుదుము. తెలియనిచో తెలిసినవారిని వెంట తీసికొని వత్తుము.